సమాన శ్రవణ ఉపసంఘం

జనవరి మూడో ఆదివారం ఉదయం పదీ నలభైకి కొమ్మరేవు చర్చిలో ఓబేదు పెళ్లి ప్రకటన చదివారు. పదీ నలభై రెండుకి అది చెల్లదని తేలింది.

మా సంఘంలో పెళ్లి జరగాలంటే అంతకు ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు ఆరాధనలో చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడే లేచి చెప్పాలి. ఈ తెల్లరాతి చర్చి కట్టినప్పటి నుంచీ అలాగే చదువుతున్నారు, అలాగే ఎవరూ లేవడం లేదు. ఆ రోజు కూడా ఎవరూ లేవలేదు. కాకపోతే ఆఖరి బెంచీలో ఒకాయన పక్కాయన్ని, "ఎవరి పెళ్లిట?" అని అడిగాడు. ఆ అడగడం తీతుగారి చెవిన పడింది.

తీతుగారు మా సంఘ కార్యదర్శి. సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచినా రెండు చెప్పుల మధ్య దూరం చూసుకునే మనిషి. ఆయన వెంటనే నియమావళి తెప్పించారు. నలభై ఒకటో నియమం: పెళ్లి ప్రకటన సంఘమంతటికీ సమానంగా వినబడేలా చదవవలెను. ఆఖరి బెంచీకి వినబడలేదు కాబట్టి ప్రకటన జరగలేదు. జరగలేదు కాబట్టి పాస్టరుగారు చదవలేదు. చదవని దాన్ని రిజిస్టర్లో రాసినందుకు పాస్టరుగారు విచారం తెలియజేయాలి. అయ్యగారు నెమ్మదస్తుడు, తెలియజేశారు.

మినిట్స్ పుస్తకం రాసేది నేనే. అన్నీ రాశాను.

ఓబేదుకి టౌన్లో సౌండ్ సిస్టం షాపుంది. పెళ్లికూతురు ప్రిస్కిల్ల మండల స్కూల్లో లెక్కల టీచరు. వాళ్లిద్దరి తొందర వేరే. మార్చి ఐదున భస్మ బుధవారం. ఆ రోజు నుంచి నలభై రోజులు శ్రమకాలం, చర్చిలో పెళ్లిళ్లుండవు. పెళ్లి మార్చి మూడు, సోమవారం. ప్రిస్కిల్ల తండ్రి సైలస్‌గారు ఈ సంబంధానికి సగం మనసుతో ఒప్పుకున్నారు. మిగతా సగం తెనాలిలో ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి మీద ఉంది. ఆయన మాట తెగేసి చెప్పారు. మూడో తారీఖు దాటితే ఈ పెళ్లి దేవుడికి ఇష్టం లేదని అర్థం, తెనాలికి కబురు పంపిస్తాను.

అంటే ఆరు ఆదివారాలున్నాయి. ఆఖరి మూడింట్లోనైనా ప్రకటన చదవాలి. దానికి ముందు చర్చిలో అందరికీ సమానంగా వినబడాలి.

"స్పీకర్లు నేనే పెడతాను సార్. నా పనే అది" అన్నాడు ఓబేదు.

తీతుగారు సంతోషించి సమాన శ్రవణ ఉపసంఘం వేశారు. అధ్యక్షుడు ఆయనే. నన్ను సభ్యుణ్ణి చేశారు.

మొదటి వారం ఓబేదు నిచ్చెనేసి దూలాలకి గొలుసులు కట్టి ఎనిమిది స్పీకర్లు వేలాడదీశాడు. పని తెలిసినవాడు. ఎత్తు పెంకుల కప్పు కింద గొంతు గింగుర్లెత్తకుండా వాటిని కిందికి దించాడు, ఒక్కోదాని మొహం బెంచీల వైపు వంచాడు, వెనక వరసకి శబ్దం రెప్పపాటు ఆలస్యంగా వెళ్లేలా పెట్టాడు. అయ్యగారు ముందు నుంచి మాట్లాడుతుంటే ఆ మాట మన పక్కనే కూర్చుని చెబుతున్నట్టు వినబడింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ చర్చిలో ఒక వాక్యం మొదటినుంచీ చివరిదాకా వినడం అదే మొదటిసారి. ఆఖరి బెంచీ ఆయన ఏకంగా నిద్ర మానేశాడు.

తీతుగారు శబ్దం కొలిచే మీటరు పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగారు. ఎక్కువ వినబడేచోటికీ తక్కువ వినబడేచోటికీ తేడా మూడు పాయింట్లు.

"మూడంటే చెవికి తెలియదు సార్" అన్నాడు ఓబేదు.

"చెవికి తెలియకపోవచ్చునోయ్. రికార్డుకి తెలుస్తుంది. పొలం గట్టు మూడంగుళాలు జరిగితే కంటికి తెలుస్తుందా? కోర్టుకి తెలియట్లేదూ?"

తీర్మానం: స్పీకర్ల పంపకం బెంచీల వారీగా జరగవలెను. మగవాళ్ల వైపు పద్నాలుగు బెంచీలు, ఆడవాళ్ల వైపు పద్నాలుగు. ఇరవై ఎనిమిది స్పీకర్లు. తీతుగారు సర్వే గొలుసు తెచ్చి కొలిచారు, గుండు దారం వేలాడదీసి ప్రతి స్పీకరూ బెంచీకి నట్టనడుమ వచ్చేలా నిలబెట్టారు. వంచిన మొహాలన్నీ నిటారుగా నేలకి చూపెట్టారు. ఓబేదు గోలపెట్టాడు. ఇన్ని గొంతులు కలిస్తే ఒక్కమాటా తెలియదు సార్, రైల్వే స్టేషన్ అయిపోతుంది అన్నాడు. అయింది. మరుసటి ఆదివారం అయ్యగారు కీర్తన నంబరు చెబితే సంఘం ఐదు కీర్తనలు పాడింది. కానీ మీటర్లో తేడా ఒక్క పాయింటుకి దిగింది. తీతుగారు దాన్ని గణనీయ పురోగతి అని రాయించారు.

మిగిలిన ఒక పాయింటు ఎక్కడుందో ఆయన మూడు రోజులు వెతికారు. బుధవారం సాయంత్రం నాకు ఫోన్ చేసి దొరికిందన్నారు. ఆయన గొంతులో వణుకు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

తప్పు స్పీకర్లది కాదు. సంఘానిది. చెవులు ఒక మట్టాన లేవు.

పొడుగువాళ్ల చెవులు స్పీకరుకి దగ్గర, పొట్టివాళ్లవి దూరం. మూడు కాళ్ల స్టాండు మీద లెవెల్ చూసే యంత్రం పెట్టి, తీతుగారు ఆ ఆదివారం నూట అరవై ఎనిమిది మంది చెవులూ సర్వే చేశారు. నేలనుంచి మూడడుగుల తొమ్మిదంగుళాలు కొమ్మరేవు సంఘ అధికారిక చెవిమట్టంగా నిర్ణయించారు. గోడ చుట్టూ ఎర్రగీత గీయించారు. పొట్టివాళ్లకి పేపరు చుట్టిన ఇటుకలు ఇచ్చారు. హార్మోనియం వాయించే యోనా ఆరడుగుల రెండంగుళాల మనిషి, నేలమీద కూర్చుని చేతులు పైకి చాచి వాయించాల్సి వచ్చింది. పాటకి లేచి నిలబడితే చెవులు పైకి పోతాయి, ప్రార్థనకి మోకరిస్తే కిందికి పోతాయి. అందుకని రెండూ రద్దు. అందరూ కూర్చునే పాడారు, కూర్చునే ప్రార్థించారు.

అయినా ఆడవాళ్ల వైపు అర పాయింటు తక్కువే చూపించింది. కారణం మీకు తట్టదు. తీతుగారికి తట్టింది. మా ఆడవాళ్లు ఆరాధనలో తలమీద కొంగు కప్పుకుంటారు. ఆ కొంగు చెవి మీద పడుతుంది. మగవాళ్లు తల కప్పుకోకూడదని లేఖనం. కనుక మగవాళ్లు చెవిలో దూది పెట్టుకోవాలని తీర్మానం. ఎంత దూది? కొంగు ఎంత మందమో అంత. పట్టుచీర కట్టుకొచ్చినావిడ పక్కన వాయిలు చీర ఆవిడ కూర్చుంటే లెక్క తప్పుతుంది, అందుకని ఆడవాళ్లంతా ఒకే రకం వాయిలు చీరలు కట్టుకోవాలని ఉపతీర్మానం. దీనికి మాత్రం సంఘంలో గొడవైంది. నియమావళి మారినా నోరెత్తని వాళ్లు చీర దగ్గర ఎత్తారు. చివరికి ఇష్టమైన చీర కట్టుకోవచ్చు, చెవిమీద మాత్రం సంఘం ఇచ్చిన వాయిలు ముక్క వేసుకోవాలని సర్దుబాటు చేశారు.

సైలస్‌గారు ఇదంతా చూస్తూ కూతురితో, దేవుడికి ఇష్టం లేకపోతే ఇలాగే అడ్డాలు పెడతాడమ్మా అన్నారట. అడ్డం పెట్టింది దేవుడు కాదు నాన్నా, పేరు పెట్టి చెప్పమంటారా అందట ప్రిస్కిల్ల.

ఫిబ్రవరి పదిహేను, శనివారం. మర్నాడు మొదటి ప్రకటన చదవకపోతే మూడు ఆదివారాలు మిగలవు. ఆ రోజు ఆఖరి పరీక్ష. సంఘమంతా ఎవరి స్థానంలో వాళ్లు, ఎవరి ఇటుక మీద వాళ్లు, దూదులూ వాయిలు ముక్కలతో కూర్చున్నారు. మీటరు ప్రతి సీటు దగ్గరా ఒకే అంకె చూపించింది. ఓబేదు కళ్లు మూసుకుని గోడకి చేరబడ్డాడు. ఇక మిగిలింది, ప్రతి ఒక్కరూ తమకి వినబడిందని సంతకం పెట్టడమే.

నూట అరవై ఏడు సంతకాలు అయ్యాయి. నూట అరవై ఎనిమిదో సీటు ఆడవాళ్ల వైపు ఆఖరి బెంచీలో గోడ వార. అందులో దీనమ్మగారుంటారు. డెబ్బై ఆరేళ్లు. నూలు మిల్లులో పనిచేసి పెన్షను తీసుకుంటున్నావిడ. తీతుగారు ఎదురుగా నిలబడి, "వినబడిందా అమ్మా?" అన్నారు.

"లేదయ్యా" అందావిడ.

"కొంచెం కూడా?"

"నాకు వినబడి పద్నాలుగేళ్లయింది నాయనా. మిల్లు తీసుకుపోయింది చెవుల్ని. నరమే చచ్చిపోయింది, మిషను పెట్టినా లాభం లేదని డాక్టరు చెప్పేశాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం. ఆ ఒక్క సీటూ లెక్కలోంచి తీసేయండి సార్ అని ఓబేదు చేతులు పట్టుకున్నంత పని చేశాడు. తీతుగారు గాయపడినట్టు చూశారు. ఒక ఆత్మని లెక్కలోంచి తీసేయమంటావా అన్నారు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి ఏం చేశాడో గుర్తు చేశారు. తర్వాత సర్వే శాఖలో నేర్చుకున్న ఒక సూత్రం చెప్పారు. పొలంలో ఒక మూల పల్లం పూడ్చడానికి మట్టి లేనప్పుడు మిగతా పొలాన్ని ఆ పల్లం దాకా తవ్వాలి. అప్పుడూ చదునే.

దీనమ్మగారిని సంఘం స్థాయికి పెంచడం సాధ్యం కాదు. కనుక సంఘాన్ని దీనమ్మగారి స్థాయికి దించడమైనది.

ఆంప్లిఫయరు స్విచ్ ఆపి లక్కతో సీలు వేశారు. మైకు లేకపోయినా అయ్యగారి సొంత గొంతు ముందు బెంచీలకి వినబడుతుంది కాబట్టి ఆరాధనలో స్వరం వాడకూడదు. పెదాలు మాత్రం కదపాలి. ప్రసంగం ఇరవై ఐదు నిమిషాలకి తగ్గకుండా కదపాలి. పాటలవాళ్లూ అంతే. యోనా తిత్తి ఊదచ్చు, మెట్లు నొక్కకూడదు. మైకు యథాస్థానంలో, నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండవలెను. స్పీకర్లు ఇరవై ఎనిమిదీ యథాస్థానంలో వేలాడవలెను. తీతుగారు మీటరు పట్టుకుని తిరిగారు. అన్ని సీట్లలోనూ తేడా సున్నా. ఆయన కళ్లు చెమర్చాయి. గుమ్మం పైన బోర్డు పెట్టించారు: ఈ మందిరమందు ప్రతి ఆసనమునకు సమానముగా వినబడును.

అడుగున ఆయన సంతకం, తేదీ.

మర్నాడు మొదటి ప్రకటన చదివారు. అంటే అయ్యగారు రిజిస్టరు తెరిచి పెదాలు కదిపారు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మొదటి ప్రకటన చెల్లినట్టు నేను రాశాను. తర్వాతి వారం రెండోది, అదీ చెల్లింది. దూదులూ ఇటుకలూ అవసరం తీరిపోయాయి కానీ, తీర్మానం ఉంది కాబట్టి ఉంచుకున్నాం. చెప్పకూడదు గానీ ఆ రెండు వారాలూ చర్చికి జనం పెరిగారు. బయటికొస్తూ ప్రసంగం బాగుందని అయ్యగారి చెయ్యి పట్టుకుని చెప్పినవాళ్లు మునుపెన్నడూ లేనంతమంది.

మార్చి రెండు. మూడో ప్రకటన. మర్నాడే పెళ్లి. సైలస్‌గారు మొదటి బెంచీలో బిగుసుకుని కూర్చున్నారు. ఆయన జేబులో ఫోను, ఫోనులో తెనాలి నంబరు. అయ్యగారు రిజిస్టరు తెరిచారు, పెదాలు కదిపారు, మూశారు.

ఆఖరి బెంచీలో దీనమ్మగారు లేచింది.

"అయ్యగారూ, మీరు చదివింది వీళ్లది కాదు. పోయినేడు పెళ్లయిన జంటది. వాళ్లకి పిల్లాడు కూడా పుట్టాడు."

చెవుడున్నవాళ్ల గొంతు పెద్దగా ఉంటుంది. రెండు వారాల తర్వాత ఆ చర్చిలో పలికిన మొదటి మాట అది. కొందరు చెవుల్లో దూది తీశారు. అయ్యగారు రిజిస్టరు మళ్లీ తెరిచి చూసి పాలిపోయారు. పేజీ తిప్పినప్పుడు రెండు కాగితాలు అంటుకున్నాయి. ఆయన అన్ని తీర్మానాలూ మరిచిపోయి, సొంత గొంతుతో, "ఓబేదు, ప్రిస్కిల్ల. వీరిరువురి వివాహమునకు అభ్యంతరము ఎవరికైనను తెలిసిన యెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మూడవ ప్రకటన" అని చదివేశారు.

స్పీకరు లేదు, మైకు లేదు. చీమ చిటుక్కుమన్నా వినబడే నిశ్శబ్దం. ఆఖరి గోడ దాకా ప్రతి అక్షరం చేరింది.

తీతుగారు లేచారు. "అభ్యంతరం. స్వరం వాడారు."

అంతటితో ఆగలేదు. ఆయన నెమ్మదిగా దీనమ్మగారి వైపు తిరిగారు. ఇంతకీ ఈవిడకి ఎలా తెలిసిందని అడిగారు. అప్పుడే నాకు తట్టింది. పరీక్ష రోజు మేమడిగిన ప్రతి ప్రశ్నకీ ఆవిడ జవాబు చెప్పింది. అదెలాగని మాలో ఒక్కరం అనుకోలేదు.

"మిల్లులో యంత్రాల చప్పుడుకి ఎవరి మాట ఎవరికి వినబడుద్ది? ముప్పై ఏళ్లు పెదాలు చూసే మాట్లాడుకున్నాం. పెళ్లి సంబంధాలు కూడా అట్టాగే కుదుర్చుకున్నాం" అందావిడ. ముందు రెండు వారాలూ అయ్యగారు పేర్లు సరిగ్గానే చదివారని, తనకి బాగా గుర్తుందని కూడా చెప్పింది.

తీతుగారి మొహం వెలిగింది. ఆయన వాదన క్లుప్తం. రెండు వారాలుగా ఈ చర్చిలో ఒక్క మనిషికి మాత్రం వినబడుతోంది. నూట అరవై ఏడుగురికి వినబడటం లేదు. ఇంతకన్నా ఘోరమైన అసమానత నియమావళి చరిత్రలో లేదు. కాబట్టి మూడు ప్రకటనలూ చెల్లవు. శ్రమకాలం అయ్యాక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలెను.

సైలస్‌గారు జేబులోంచి ఫోను తీశారు.

ప్రిస్కిల్ల లేచింది. చెవిమీది వాయిలు ముక్క తీసి మడిచి బెంచీ మీద పెట్టింది. క్లాసులో పిల్లాడికి లెక్క చెబుతున్నట్టు నిదానంగా అడిగింది.

"తీతు బాబాయిగారూ, గుమ్మం మీద బోర్డు మీదేనా?"

"నాదే."

"అందులో ఏముంది?"

"ప్రతి ఆసనానికీ సమానంగా వినబడుతుందని."

"అది నిజమేనా?"

"నా సంతకం పెట్టాను."

"దీనమ్మగారికి మూడు ప్రకటనలూ తెలిశాయి. మూడోది సరిదిద్దింది కూడా ఆవిడే. ఆవిడకి ఎంత వినబడితే మిగతావాళ్లకీ అంతే వినబడినట్టు. బోర్డు నిజమైతే నా ప్రకటనలు చెల్లాయి. చెల్లలేదంటే ఆ బోర్డు మీరే దింపి, సంతకం కొట్టేయండి. నిచ్చెన ఓబేదు తెస్తాడు."

తీతుగారు బోర్డు వైపు చూశారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఒక్క సంతకం కొట్టేయలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"పై విషయమై," అన్నారు, "అందరికీ వినబడినట్టే పరిగణించడమైనది."

రాసుకున్నాను. సైలస్‌గారు ఫోను జేబులో పెట్టుకున్నారు. కూతురి వైపు ఆయన చూసిన చూపులో తెనాలి లేదు.

దీనమ్మగారిని స్తంభం వెనక సీటుకి మార్చాలని అదే రోజు తీతుగారు నోటీసు తయారుచేసి స్వయంగా చదివి వినిపించారు. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని చదివారు. అందుకని ఆవిడకి ఆ సంగతి తెలియలేదు.

సోమవారం ఉదయం పెళ్లి. ఆదివారం నుంచి చర్చిలో మల్లెపూలూ చామంతులూ తప్ప మారిందేమీ లేదు. లక్క సీలు అలాగే ఉంది, ఇరవై ఎనిమిది స్పీకర్లూ నేలకి మొహం పెట్టి వేలాడుతున్నాయి. అయ్యగారు పెదాలతో అడిగారు, ఓబేదు పెదాలతో ఏదో అన్నాడు. జనమంతా మెడలు తిప్పి ఆఖరి బెంచీ వైపు చూశారు.

"ఒప్పుకున్నాడు" అంది దీనమ్మగారు.

ప్రిస్కిల్ల పెదాలు కదిలాయి.

"పిల్ల కూడా ఒప్పుకుంది. కాపోతే విధేయురాలినై అన్న ముక్క మింగేసింది."

ఆ ముక్క మినిట్స్‌లో రాయాల్సింది కాదని నేను రాయలేదు. తర్వాత ప్రసంగం మొదలైంది. అయ్యగారు చెయ్యి ఊపుతున్నారు, కళ్లు మూస్తున్నారు, పెదాలు గంభీరంగా కదులుతున్నాయి. పది నిమిషాలయ్యాక సైలస్‌గారు ఉండబట్టలేక వెనక్కి వెళ్లి, ఆవిడ ఎదురుగా నిలబడి, మా అమ్మాయి పెళ్లికి అయ్యగారు ఏం సందేశమిస్తున్నారమ్మా అని అడిగారు.

దీనమ్మగారు కళ్లు చికిలించి చూసింది.

"పదమూడో ఎక్కం."

"ఎక్కమా?"

"పదమూడేళ్లు తొంభై ఒకటి. మొదటి వారం పన్నెండో ఎక్కం దాకా వచ్చారు. ఇరవై ఐదు నిమిషాలు ఎట్టా నింపాలి పాపం."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోయిన వారం ప్రసంగం విని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదమ్మా అని సైలస్‌గారు అడిగారు.

దీనమ్మగారు ఆశ్చర్యంగా గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

"అందరికీ సమానంగా వినబడుద్దని అంత బోర్డు పెట్టుకున్నారుగా నాయనా. మీకూ తెలుసనే అనుకున్నాను."